ఉడుములకు ఇల్లు కట్టిన విదుషి

హైదరాబాదు పాతబస్తీలో, మీరాలం చెరువు చెంత, 1963వ సంవత్సరమున ప్రజలకై తెరచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల కలదు. అచటికి విద్యార్థులను తోడ్కొని పోవు ఉపాధ్యాయులకు ఒక ప్రశ్న తరచు ఎదురగును. మొసళ్ళను, పాములను, ఉడుములను ఇట్లు బంధించి యుంచుట న్యాయమేనా? ఈ ప్రశ్నకు మాటలతో గాక పనితో సమాధానము చెప్పిన విదుషి ఒకతె లండను నగరమున ఉండెను. ఆమె పేరు జోన్ బీచమ్ ప్రాక్టర్.

జోన్ 1897 ఆగస్టు 5వ తేదీన లండనులో జన్మించెను. తోడి బాలికలు బొమ్మలతో ఆడుకొను ప్రాయమున ఆమె బల్లులను, పాములను పెంచెను. పదునారేండ్ల వయసున ఒక మొసలి పిల్లను పాఠశాలకు కొనిపోయి గణితపు తరగతిలో అలజడి పుట్టించెను. ప్రేగుల వ్యాధి ఆమెను చిన్ననాటి నుండియే పీడించుచుండెను. అందుచే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదువవలెనన్న కోరిక తీరలేదు. అయినను బ్రిటిష్ మ్యూజియమున సరీసృపముల శాఖను చూచుచున్న బూలెంజర్ పండితుడు ఆమె శ్రద్ధను గుర్తించి, 1916లో తనకు సహాయకురాలిగా చేర్చుకొనెను. మరుసటి యేడే ఆమె విషసర్పములను గూర్చిన పరిశోధన వ్యాసమును లండను జంతుశాస్త్ర సంఘము ముందుంచెను.

1923లో ఆమె లండను జంతుప్రదర్శనశాలలో సరీసృపముల విభాగమునకు అధికారిణి అయ్యెను. ఆ పదవి నందిన తొలి మహిళ ఆమెయే. సరీసృపములు తమ దేహమునకు వలయు వేడిని పరిసరముల నుండియే పొందవలెను. ఒక జాతికి చాలిన వేడి మరియొక జాతికి చాలదు. ఎండ సోకనిదే పెక్కింటి యెముకలు గట్టిపడవు. ఈ సూక్ష్మములను ఎరిగిన జోన్, గై డాబర్ అను వాస్తుశిల్పితో కలిసి నూతన భవనమును రూపొందించెను. 1927లో తెరచిన ఆ భవనమున వేర్వేరు భాగములకు వేర్వేరు ఉష్ణోగ్రతలు ఏర్పరచిరి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములను లోనికి రానిచ్చు గాజును అమర్చిరి.

ఆ యేడే తూర్పు ఇండియా దీవుల నుండి రెండు కొమొడో ఉడుములు లండను చేరెను. మన పొలముగట్లపై కనబడు ఉడుమునకు ఇవి దాయాదులు. పది అడుగుల వరకు పెరుగును. 1912లో గాని వీనికి శాస్త్రీయ నామము ఏర్పడలేదు. జనులు వీనిని రాకాసి జంతువులుగా భావించి భయపడుచుండిరి. జోన్ మాత్రము వాని రోగములకు చికిత్స చేసి, తన చేతితో ఆహారము పెట్టి మచ్చిక చేసెను. 1928లో శాస్త్రజ్ఞుల సభకు సుంబావా అను ఉడుమును వెంట తెచ్చి, నిమురుచు కోడిని, గ్రుడ్లను తినిపించెను. క్రూరమని పేరుపడిన జంతువునకు సయితము తెలివి, సాధుత్వము ఉండగలవని సభవారు కన్నులార చూచిరి.

వ్యాధి ముదిరినను ఆమె పని విడువలేదు. 1931లో చికాగో విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు నొసగెను. ఆ సెప్టెంబరు 20వ తేదీననే, ముప్పదినాలుగేండ్ల వయసున, ఆమె కన్నుమూసెను.

2021లో కొమొడో ఉడుమును అంతరించు ప్రమాదమున్న జాతిగా ప్రకటించిరి. మన దేశమున 1975లో ఆరంభమైన మొసళ్ళ సంరక్షణ పథకమున గ్రుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచి నదులలో విడిచిరి. ఆ విద్యలో శిక్షణ నిచ్చు కేంద్ర సంస్థ హైదరాబాదులోనే వెలసెను. జంతువునకు వలయునది ఎరిగి సమకూర్చిననాడే, దాని జాతి నిలుచుటకు తోడ్పడిననాడే బంధనము న్యాయమగును. జోన్ జీవితము చెప్పు సమాధానము ఇదియే.