చేతిలో తుపాకీ ఉన్నా చెవినే నమ్ముకున్న వేటగాడు కెన్నెత్ ఆండర్సన్

దక్షిణ భారత అడవుల్లో నరభక్షక పులులను, చిరుతలను ఎదుర్కొన్న వేటగాడిగా, ఆ అనుభవాలను గ్రంథస్థం చేసిన రచయితగా ప్రసిద్ధి చెందిన కెన్నెత్ ఆండర్సన్ తెలుగు నేలపైనే జన్మించారు. 1910 మార్చి 8న సికింద్రాబాద్ సమీపంలోని బొల్లారంలో పుట్టిన ఆయన, 1974 ఆగస్టు 30న బెంగళూరులో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఉత్తర భారతంలో జిమ్ కార్బెట్‌కు ఎంతటి పేరుందో, దక్షిణాదిలో ఆండర్సన్‌కు అంతటి పేరుంది. తుపాకీతోనే కీర్తి గడించినా, అడవిలో మనిషి ప్రాణాన్ని కాపాడేది తుపాకీ ఒక్కటే కాదని ఆయన జీవితం తెలియజేస్తుంది. ఆయన తరచూ ఒంటరిగా, ఆయుధం లేకుండా అడవిలో గడిపేవారు.

బొల్లారం నుంచి బెంగళూరుకు

ఆండర్సన్‌ది అనేక తరాలుగా భారతదేశంలో స్థిరపడిన స్కాటిష్ కుటుంబం. తండ్రి డగ్లస్ స్టూవర్ట్ ఆండర్సన్ సైనిక లెక్కల విభాగంలో అధికారి. నీటి పక్షుల వేటపై తండ్రికి ఉన్న ఆసక్తి కుమారుడికీ అబ్బింది. బెంగళూరులోని బిషప్ కాటన్ బాలుర పాఠశాలలో, సెయింట్ జోసెఫ్ కళాశాలలో కెన్నెత్ చదువుకున్నారు. న్యాయశాస్త్రం చదివేందుకు ఎడిన్‌బరో పంపగా, ఆ చదువును మధ్యలోనే వదిలి స్వదేశంగా భావించిన భారతదేశానికి తిరిగి వచ్చారు.

తంతి తపాలా శాఖలో 15 ఏళ్లు పనిచేసిన తర్వాత ఆయన బెంగళూరులోని విమాన కర్మాగారంలో చేరారు. ఆ సంస్థే నేటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్. వేట ఆయనకు జీవనోపాధి కాదు. సెలవు దినాల్లో కారులో అడవికి బయలుదేరడం, ఏదైనా గ్రామం నుంచి నరభక్షక మృగం వార్త వస్తే సెలవు పెట్టి వెళ్లడం ఆయన దినచర్యలో భాగమైంది. కన్నడ, తమిళ భాషల్లో ధారాళంగా మాట్లాడగలగడం వల్ల పల్లె ప్రజలతో, అటవీ సిబ్బందితో, గిరిజనులతో మధ్యవర్తి అవసరం లేకుండా కలిసిపోయేవారు. అడవిలో ఆయనకు లభించిన సమాచారంలో అధిక భాగం ఆ పరిచయాల ఫలితమే.

అడవి బడిలో గిరిజన గురువు

ఆండర్సన్ రచనల్లో పదే పదే కనిపించే పేరు బైరా. సేలం ప్రాంతపు అడవుల్లో, చిన్నార్ నది ఒడ్డున తొలిచిన గుంతలో కాపురమున్న పూజారి తెగకు చెందిన వ్యక్తి అతడు. వేట చట్టాల దృష్టిలో దొంగవేటగాడు. అయినా ఆండర్సన్ అతడిని పట్టించలేదు, స్నేహితుడిగా చేసుకున్నారు. ఇసుకలో పడిన అడుగు ఎంతసేపటి క్రితందో, పొదలో ఒరిగిన గడ్డి ఏ జంతువు వెళ్లిన దారిని సూచిస్తుందో గ్రహించడంలో బైరా సామర్థ్యాన్ని ఆయన జీవితాంతం గౌరవించారు.

అడవిలో వినిపించే ప్రతి శబ్దానికీ అర్థం ఉంటుందని ఆండర్సన్ నమ్మేవారు. కొండముచ్చు చెట్టు కొమ్మపై నుంచి కేక వేస్తే, కణితి గట్టిగా అరిస్తే, చుక్కల దుప్పి హెచ్చరిక చేస్తే, నెమలి ఒక్కసారిగా పైకెగిరితే సమీపంలో పులి గానీ చిరుత గానీ కదులుతున్నట్లు. ఆ శబ్దాలు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు సాగుతున్నాయో గమనిస్తే మృగం నడిచే దారి తెలుస్తుంది. పులి, చిరుత సాధారణంగా వెనుక నుంచే దాడి చేస్తాయి గనుక చెట్టు బోదెకో బండకో వీపు ఆనించి కూర్చోవడం, ఇరుకు దారిలో మాటిమాటికీ వెనుదిరిగి చూడడం, ఏనుగులు తిరిగే చోట గాలి వీచే దిశను కనిపెట్టుకుని నడవడం వంటి జాగ్రత్తలు ఈ విద్యలో భాగం. తుపాకీ పేలడానికి ముందే ప్రాణాన్ని కాపాడేవి ఇవే.

పాయింట్ 405 రైఫిల్

ఆండర్సన్ చిరకాలం వాడిన ఆయుధం అమెరికాలో తయారైన వించెస్టర్ 1895 మోడల్ రైఫిల్. దాని తూటా పాయింట్ 405 రకం. ప్రసిద్ధ తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ రైఫిల్‌ను అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో తూర్పు ఆఫ్రికా యాత్రకు తీసుకువెళ్లడంతో దానికి ప్రపంచవ్యాప్తంగా పేరు వచ్చింది. ట్రిగ్గర్ కింద ఉన్న లివర్‌ను కిందికి లాగి పైకి నెడితే ఖాళీ తూటా బయటపడి కొత్తది గదిలోకి చేరుతుంది. రెండు గొట్టాల తుపాకీలో రెండు తూటాలు పేల్చాక మళ్లీ నింపుకోవాలి. లివర్ రైఫిల్‌లో ఆ విరామం లేకుండానే మరికొన్ని తూటాలు పేల్చవచ్చు. గాయపడిన పులి మీదికి దూకే వేళ ఆ కొద్ది క్షణాలే ప్రాణాన్ని నిలబెడతాయి.

అంతటి ఆయుధం చేతిలో ఉన్నా దానికి పరిమితులున్నాయని ఆయనకు తెలుసు. చీకట్లో టార్చి వెలుగు పడనిదే గురి కుదరదు. దట్టమైన పొదల్లో చిరుత కనిపించేసరికి అది మీద పడి ఉంటుంది. తొందరపడి కాల్చిన తూటా మృగాన్ని చంపకుండా గాయపరిస్తే, ఆ గాయం మరుసటి రోజు ఏ పశువుల కాపరికో, కట్టెలు తెచ్చుకునే స్త్రీకో ముప్పుగా మారుతుంది.

శేషాచలం నుంచి నల్లమల దాకా

ఆండర్సన్ పాదముద్రలు తెలుగు అడవుల్లోనూ విస్తారంగా ఉన్నాయి. 1954లో వెలువడిన ఆయన తొలి పుస్తకంలోనే చిత్తూరు ప్రాంతపు చామల లోయలో జనాన్ని వణికించిన పులి కథ ఉంది. తిరుమల కొండల వెనుక భాగాన భాకరాపేట, నాగపట్ల, పులిబోను పరిసరాలను ఆయన ఎంతో మక్కువతో వర్ణించారు. రేణిగుంట–కడప రైలు మార్గంలోని మామండూరు పేరు మీద మరో నరభక్షకి కథ 1957లో వచ్చిన పుస్తకంలో చోటుచేసుకుంది.

1967లో వెలువడిన గ్రంథంలో ఆయన నల్లమలకు చేరుకున్నారు. అక్కడి పెద్దచెరువు గూడెం పరిసరాల్లో సంచరించిన కుంటి పులి గాథ పాఠకుల్లో బాగా ప్రాచుర్యం పొందింది. ప్రముఖ కన్నడ రచయిత పూర్ణచంద్ర తేజస్వి ఆండర్సన్ కథలను కన్నడంలోకి తెచ్చినప్పుడు ఒక సంపుటికి ఆ గూడెం పేరే పెట్టారు.

నల్లమలలో తరతరాలుగా నివసిస్తున్న చెంచులకు రక్షణ సాధనం విల్లంబులు, రాత్రివేళ నెగడు. తుపాకీ వారికి అందుబాటులో లేదు. 1878 నాటి ఆయుధాల చట్టం భారతీయులు లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉండడాన్ని నిషేధించగా, ఐరోపా వాసులకు తొలి దశాబ్దాల్లో మినహాయింపు ఉండేది. అడవి మధ్యలో బతికేవారికి ఆయుధం లేదు, ఆయుధమున్నవారు పట్టణాల్లో ఉన్నారు. నరభక్షకి వచ్చినప్పుడు వందల గడపల ప్రాణాలు దూరం నుంచి వచ్చే ఒక తుపాకీ మీద ఆధారపడేవి. ఆండర్సన్ వంటి వేటగాళ్ల కోసం గ్రామాలు ఎదురుచూడడానికి ఇదొక ముఖ్య కారణం.

నరభక్షకి ఎలా పుడుతుంది

పులి గానీ చిరుత గానీ పుట్టుకతో మనిషిని తినదని ఆండర్సన్ దృఢంగా విశ్వసించారు. సహజమైన వేట చేయలేని స్థితి కలిగినప్పుడే అది సులభంగా దొరికే మనిషి వైపు మళ్లుతుందని ఆయన అనుభవం. గుమ్మలాపురం చిరుత ఇందుకు ఉదాహరణ. 42 మందిని బలిగొన్న ఆ చిరుత భయంతో పల్లెలు సూర్యాస్తమయానికే తలుపులు బిగించుకునేవి. చివరకు దానిని కాల్చి చంపి పరిశీలించగా, ముళ్లపంది ముళ్లు దాని పాదంలో గుచ్చుకుని మాంసంలో కూరుకుపోయి కనిపించాయి.

ముళ్లపంది ముళ్లు ప్రకృతి చేసిన గాయం. గురి తప్పిన తూటాలు మనిషి చేసిన గాయం. పొలం కాపలాకు వాడే నాటు తుపాకీ నుంచి వెలువడిన రవ్వలు, అనుభవం లేని వేటగాళ్లు గాయపరిచి వదిలేసిన మృగాలు అనేక విషాదాలకు మూలమని ఆయన పలు చోట్ల వివరించారు. రక్షణ కోసం పట్టిన తుపాకీయే కొత్త ప్రమాదాన్ని సృష్టించగలదన్న హెచ్చరిక ఆయన రచనల్లో అంతర్లీనంగా ఉంది.

పులి కంటే ఎలుగుబంటి విషయంలో ఆయన మరింత అప్రమత్తంగా ఉండేవారు. చూపు మందంగా ఉండే ఎలుగు, మనిషి అకస్మాత్తుగా ఎదురుపడితే బెదిరి ముఖంపై పంజా విసురుతుంది. మైసూరు ప్రాంతంలోని అరసికెరె సమీపంలో 12 మందిని చంపి, 24 మందిని గాయపరిచిన ఎలుగును ఆయన మట్టుబెట్టారు. ఛత్తీస్‌గఢ్‌లోని మర్వాహీ వంటి అడవుల్లో వేసవి ఆరంభాన ఇప్పపూలు ఏరుకోవడానికి తెల్లవారుజామునే వెళ్లే పేదలు నేటికీ ఎలుగు దాడులకు గురవుతున్నారు. పూలు రాలే చెట్టు కిందికి మనిషి, ఎలుగు ఒకే వేళకు చేరడమే అందుకు కారణం.

వినోదపు వేటకు భిన్నంగా

ఆండర్సన్ కాలంలో వేట సంపన్నుల వినోదం. నేటి ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్, తిల్దా మైదానాలకు ఉత్తరాన ఉన్న సర్గుజా సంస్థానాధీశుడు రామానుజ శరణ్ సింగ్ దేవ్ తన జీవితకాలంలో 1,100కు పైగా పులులను కాల్చినట్లు స్వయంగా చెప్పుకొన్నారు. పొరుగున ఉన్న కొరియా సంస్థానాధీశుడు రామానుజ ప్రతాప్ సింగ్ దేవ్ 1947లో ఒకే రాత్రి మూడు చీతాలను వేటాడారు. దేశంలో చివరి చీతాలుగా వాటినే పేర్కొంటారు. 1952లో చీతా దేశం నుంచి అంతరించినట్లు ప్రకటించారు.

వాటితో పోలిస్తే ఆండర్సన్ లెక్క చిన్నది. ప్రభుత్వ రికార్డుల్లో 1939 నుంచి 1966 వరకు ఆయన పేరిట నమోదైనవి 8 నరభక్షక చిరుతలు, 7 నరభక్షక పులులు. వాస్తవ సంఖ్య అంతకంటే ఎక్కువని ప్రచారంలో ఉంది. ఆయన కథనాల్లో అనేకం ఆయన రాతే ఆధారంగా మిగిలినవి కాబట్టి, వాటిని చరిత్రగా కంటే ఒక అడవి మనిషి జ్ఞాపకాలుగా చదవడం సముచితం. జీవిత చరమాంకంలో ఆయన తుపాకీ పక్కనబెట్టి కెమెరా పట్టారు. దక్షిణాదిలో వన్యప్రాణి సంరక్షణ కోసం ముందుగా గళమెత్తినవారిలో ఒకరిగా నిలిచారు.

చట్టం గీసిన గీత

ఆండర్సన్ మరణానికి రెండేళ్ల ముందు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ ప్రారంభమైంది. మనిషి ప్రాణానికి ముప్పుగా మారిన మృగాన్ని వేటాడాలన్నా రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి లిఖితపూర్వక ఉత్తర్వు తప్పనిసరి. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో ప్రవేశించడం నేరం. అయితే తనను గానీ ఇతరులను గానీ కాపాడుకునేందుకు సద్భావంతో మృగాన్ని చంపడం నేరం కాదని అదే చట్టం పేర్కొంది. ఆ వ్యక్తి అప్పటికే చట్ట విరుద్ధమైన పనిలో ఉంటే ఈ మినహాయింపు వర్తించదు. చనిపోయిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది. మరోవైపు 1959 నాటి ఆయుధాల చట్టం ఆత్మరక్షణకు, పంట రక్షణకు నిర్ణీత రకాల తుపాకులకు లైసెన్సు పొందే వీలు కల్పించింది.

ఆండర్సన్ సంచరించిన చామల లోయ, మామండూరు అడవులు నేడు శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం పరిసరాల్లో ఉన్నాయి. ఆయన వర్ణించిన నల్లమల, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంగా మారింది. ఆయన కాలంలో ఊరి వెలుపల మొదలైన అడవి ఇప్పుడు లక్షల మంది నడిచే దారులను ఆనుకుని ఉంది. 2023 ఆగస్టులో అలిపిరి నడక మార్గంలో చిరుత దాడిలో ఆరేళ్ల బాలిక ప్రాణాలు కోల్పోయింది. అనంతరం తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులకు చేతికర్రలు అందజేసింది, గుంపులుగా నడవాలని సూచించింది, మధ్యాహ్నం తర్వాత చిన్న పిల్లలను నడక దారిలో అనుమతించలేదు. తుపాకీకి బదులు చేతికర్ర, తోడు, వేళ పాటింపు అక్కడ రక్షణ మార్గాలయ్యాయి.

అడవి నగర రహదారి కంటే సురక్షితమని ఆండర్సన్ భావించేవారు. దాని నియమాలు తెలిసినవారికే ఆ మాట వర్తిస్తుందన్నది ఆయన జీవితమంతా చాటిన సత్యం. ఆ నియమాలను ఆయనకు నేర్పింది బైరా వంటి ఆయుధం లేని మనుషులు. ఆయన మరణానంతరం 1976లో మరో గ్రంథం వెలువడింది. ఆయన కుమారుడు డొనాల్డ్ కూడా వేటగాడిగా, అడవి ప్రేమికుడిగా పేరొంది 2014లో మరణించారు. బొల్లారంలో పుట్టిన ఆండర్సన్ పుస్తకాలు ఇప్పటికీ పునర్ముద్రణ పొందుతున్నాయి.