తులూజ్ వీడని సబాటియే

పలాస జీడిపిక్కల పెంకు నుండి వేడిమితో తీసే నూనెలో కార్డనాల్ ముఖ్యమైనది. నికెల్ సాయంతో దానికి హైడ్రోజన్ చేర్చవచ్చును. ఆ మార్గం తెరచినవారు పాల్ సబాటియే. పెద్ద నగరం చేరితేనే విద్య రాణిస్తుందని టెక్కలి, ఉద్దానం విద్యార్థులు మాతో తరచు అంటూంటారు. వారికై ఈ జీవితం వ్రాస్తున్నాము.

1854లో దక్షిణ ఫ్రాన్సులోని కార్కసోన్‌లో జన్మించిన సబాటియే 1884లో సమీపనగరం తులూజ్‌లో రసాయనశాస్త్ర ఆచార్యులయ్యారు. 1897లో ఆయన, సెండరెన్స్ అనే క్రైస్తవ మతగురువు కలిసి ఇథిలీన్, హైడ్రోజన్ వాయువులను వేడి నికెల్ పొడి మీదుగా పంపగా ఈథేన్ లభించింది. 1901లో బెంజీన్ ఆవిరి సైక్లోహెక్సేన్‌గా మారింది. నికెల్ గొట్టంలోనే నిలిచి ఉంటుంది. ఆవిరి ఒక కొస నుండి ప్రవేశించి, రెండవ కొస నుండి నూతన పదార్థమై ఎడతెగక వెలువడుతుంది. లోహం హైడ్రోజన్‌ను క్షణకాలం తనతో కలుపుకొని విడుస్తుందని ఆయన ఊహ. అయితే గంధకం లేశమాత్రం సోకినా నికెల్ నిర్వీర్యమవుతుంది. అందుచేత బెంజీన్‌ను ముందుగా శుద్ధి చేయక తప్పదు.

1907లో పారిస్ ఆహ్వానించింది. ఆయన వెళ్ళలేదు. 1912లో నోబెల్ బహుమతిని గ్రిన్యార్‌తో పంచుకొన్నారు. సెండరెన్స్‌కు భాగం దక్కలేదు. అది అన్యాయమనే మా అభిప్రాయం. పారిస్ నివాసులనే సభ్యులుగా ఎన్నుకొనే విజ్ఞాన అకాడమీ 1913లో వెలుపలివారికై ఆరు స్థానాలు ఏర్పరచి, మొదటిదానికి సబాటియేను ఎన్నుకొన్నది. 1941లో ఆయన తులూజ్‌లోనే కన్నుమూశారు.