ముందు తానే దిగిన వైమానికుడు – మెహర్ సింగ్

ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్ గారు 1915లో లయల్‌పూర్‌లో జన్మించారు. ఇంగ్లండులోని క్రాన్‌వెల్‌లో విమాన శిక్షణ పొందారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా రంగాన 6వ స్క్వాడ్రన్‌ను నడిపి డి.ఎస్.ఓ. పతకం అందుకున్నారు. ఆ యుద్ధంలో మన వైమానిక దళంలో ఆ గౌరవం దక్కింది ఆయనొక్కరికే.

అయినా ఆయన పేరు నిలిచింది కాశ్మీరులోనే. 1947 చివర పూంచ్ పట్టణం ముట్టడిలో చిక్కుకున్నది. సైనికులతో పాటు వేలాది శరణార్థులు లోపలే ఉండిపోయారు. బయటికి దారి లేదు, తిండిగింజలు తరిగిపోతున్నాయి. శరణార్థులే సాయంపట్టి చిన్న రన్‌వే ఒకటి తయారు చేశారు. మూడు వైపులా వాగులు, చుట్టూ కొండలు. పెద్ద అధికారి గనుక కుర్ర పైలట్లను పంపి తాను వెనక ఉండవచ్చు. కానీ డిసెంబరులో మొదటి డకోటాను అక్కడ దించింది మెహర్ సింగ్ గారే. ఒక టన్ను మోసే విమానంలో మూడు టన్నులు తీసుకెళ్లారు. చమురు దీపాల వెలుగులో రాత్రి పూట కూడా దిగారు.

1948 మే 24న జనరల్ తిమ్మయ్య గారిని ఎక్కించుకుని లేహ్ చేరారు. దారి పొడవునా హిమాలయాలు, 23 వేల అడుగుల ఎత్తు. విమానంలో ఆక్సిజన్ ఏర్పాటు లేదు. మేడ మెట్లెక్కితేనే ఆయాసపడే మనకిది ఊహకందదు!

ప్రభుత్వం మహావీర చక్ర ఇచ్చింది. 1948లోనే ఉద్యోగం వదిలేశారు. 1952 మార్చిలో జమ్మూ నుంచి ఢిల్లీ వస్తుండగా విమానం తుఫానులో చిక్కి కూలిపోయింది. అప్పటికాయనకు 37 ఏళ్లు కూడా నిండలేదు.