నిషాపూర్ తోటలో కమానులు

మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది వెంటనే జవాబు చెప్పలేం. పుట్టింది ఒక ఊళ్ళో, చదివింది నాలుగు ఊళ్ళలో. ఇరాన్ దేశపు గొప్ప చిత్రకారుడు కమాల్-ఒల్-మొల్క్‌కు కూడా ఊళ్ళు చాలానే ఉన్నాయి.

ఆయన అసలు పేరు మహమ్మద్ గఫారి. కాషాన్‌లో చిత్రకారుల ఇంట పుట్టారు. టెహ్రాన్‌లోని దారుల్ ఫునూన్‌లో చదువుతుండగానే నాసిరుద్దీన్ షా దృష్టిలో పడి ఆస్థాన చిత్రకారుడయ్యారు. కమాల్-ఒల్-మొల్క్ అంటే రాజ్యానికి పరిపూర్ణత అని అర్థం. అది షా ఇచ్చిన బిరుదు. చివరికి అదే పేరై నిలిచింది.

గులిస్తాన్ రాజభవనంలోని అద్దాల మందిరాన్ని చిత్రించడానికి ఆయనకు సుమారు ఐదేళ్ళు పట్టింది. గోడల నిండా అద్దపు ముక్కలు, పైన దీపాల గుత్తులు, కింద తివాచీలు, పెద్ద కిటికీల్లోంచి పడే వెలుగు. అంత మందిరంలో షా ఒక కుర్చీలో చిన్నగా కూర్చుని ఉంటాడు. రాజుగారి బొమ్మలో రాజుగారే అంత చిన్నగా ఉండటం మాకు భలే నచ్చింది.

1896లో షా హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత ఆయన యూరప్ వెళ్ళి, ఫ్లోరెన్స్, పారిస్ మ్యూజియాల్లో రెంబ్రాంట్ వంటివారి చిత్రాల ముందు కూర్చుని నకళ్ళు వేశారు. అంత పేరున్న మనిషి మళ్ళీ విద్యార్థి అయ్యారు! కొన్నాళ్ళు ఇరాక్‌లో ఉండి బాగ్దాద్ కంసాలిని, జోస్యం చెప్పేవారిని గీశారు.

1911లో టెహ్రాన్‌లో కళా పాఠశాల పెట్టారు. అక్కడ చిత్రలేఖనంతో పాటు తివాచీ నేత కూడా నేర్పేవారు. కానీ ప్రభుత్వంలోని వారితో పొసగలేదు. 1928లో బడిని వదిలి నిషాపూర్ దగ్గరి హుస్సేనాబాద్ పల్లెకు వెళ్ళిపోయారు. బదిలీ వచ్చినప్పుడు మనం స్నేహితుల్ని వదిలి వస్తాం. ఆయన తాను పెంచిన బడినే వదిలేశారు. ఆ పల్లెలోనే ఒక ప్రమాదంలో ఆయనకు ఒక కన్ను పోయింది. 1940లో కన్నుమూశారు.

నిషాపూర్‌లో మహాకవి అత్తార్ సమాధి ఉన్న తోటలోనే ఆయన్నీ ఉంచారు. పైన కట్టడాన్ని హూషంగ్ సెయ్‌హూన్ రూపొందించారు. అదే ఊళ్ళో ఉమర్ ఖయ్యాం సమాధి కట్టడమూ ఆయన రూపొందించిందే. (ఖయ్యాం రుబాయిలను దువ్వూరి రామిరెడ్డి గారు పానశాలగా తెలుగులోకి తెచ్చారు. కాబట్టి ఆ ఊరి పేరు మన తాతలకు కొత్త కాదు.) చిత్రకారుడి సమాధికి తలుపులు లేవు. ఒకదాన్నొకటి దాటుకుపోయే కమానులు, వాటిమీద రంగు పలకల నగిషీ, మధ్యలోంచి తోటలోని చెట్లు.

కింద రాతిమీద ఆయన ముఖం చెక్కి ఉంది. దాన్ని చెక్కింది అబుల్ హసన్ సదీఖీ, ఆయన బడిలో చదువుకున్న విద్యార్థి.