నామకర్త లిన్నేయస్

మన ఇళ్ళ ముంగిట రంగురంగులుగా పూసే జినియాను అందరూ జినియా అనే పిలుస్తారు. పండితుల గ్రంథంలోని లాటిన్ పేరు ఈ విధంగా ఇంటింటి మాటగా మారడం విశేషం. జిన్ అనే జర్మన్ వైద్యుని స్మృతికి చిహ్నంగా ఆ పేరు పెట్టినవాడు కార్ల్ లిన్నేయస్.

1707 మే 23న స్వీడన్ దేశంలోని రోషుల్ట్ గ్రామంలో ఆయన జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు, ఉద్యానప్రియుడు. తమ కుటుంబ భూమిలోని లిండ్ అనే వృక్షం పేరును లాటిన్ రూపంలోకి మార్చి ఆ తండ్రి ఇంటిపేరుగా స్వీకరించాడు. చెట్టు పేరే ఇంటిపేరైన ఆ కుటుంబంలో పుట్టిన బాలుడు చెట్లకు పేర్లు పెట్టడానికే జీవితాన్ని అంకితం చేశాడు.

ఉప్సాలా విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో దారిద్ర్యం ఆయనను వేధించింది. ఓలోఫ్ సెల్సియస్ అనే ఆచార్యుడు ఆ విద్యార్థి వృక్షజ్ఞానానికి ముగ్ధుడై తన ఇంట ఆశ్రయమిచ్చాడు. 1741లో లిన్నేయస్ అదే విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిని అలంకరించాడు.

ఆ కాలంలో ఒక మొక్క పేరు చెప్పాలంటే దాని కాండం, ఆకు, పువ్వు లక్షణాలను వరుసగా ఒక వాక్యమంత పొడవున లాటిన్‌లో వర్ణించవలసి వచ్చేది. 1753లో వెలువరించిన ‘స్పీషీస్ ప్లాంటారమ్’ గ్రంథంలో లిన్నేయస్ సుమారు 6,000 జాతులకు రెండేసి పదాల పేర్లు కూర్చాడు. మన ఇంటిపేరు, సొంతపేరు వలె మొదటి పదం ప్రజాతిని, రెండవది జాతిని తెలుపుతాయి. పేర్లు చిన్నవైనందువల్లనే వాటిలో కొన్ని తోటమాలి నాలుకకు కూడా అలవడ్డాయి.

పేరు ఆయనకు కేవలం గుర్తు కాదు, జ్ఞాపకం కూడా. కొత్త మొక్కలకోసం దూరదేశాలకు వెళ్ళిన శిష్యులలో కొందరు తిరిగి రాలేదు. హాసెల్‌క్విస్ట్ 1752లో స్మిర్నా సమీపంలోను, ఫోర్స్‌కోల్ 1763లో యెమెన్‌లోను మరణించారు. దుఃఖితుడైన గురువు వారి పేర్లను మొక్కలకు పెట్టి శాశ్వతం చేశాడు.

మరొక శిష్యుడు కోనిగ్ 1768లో వైద్యుడుగా తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చాడు. దక్షిణ భారత వృక్షసంపదను పరిశీలించి, 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురంలో కన్నుమూశాడు. మన కరివేపాకు శాస్త్రీయనామంలోని రెండవ పదమైన ‘కోనిగీ’ ఆయన పేరే. 1771లో ఆ పదాన్ని చేర్చినవాడు లిన్నేయస్.

1778 జనవరి 10న లిన్నేయస్ తనువు చాలించాడు. మనం నిత్యం వాడే ఆకు పేరులో తెలుగునేలపై ప్రాణాలు విడిచిన ఒక శిష్యుని కథ దాగి ఉన్నది. పేరు తెలుసుకోవడమే మొక్కను ఎరుగుటకు తొలిమెట్టు అని ఆ మహనీయుని జీవితం విద్యార్థులకు బోధిస్తున్నది.