సూర్యదర్శి జాన్సెన్

జూల్స్ జాన్సెన్ 1824లో పారిస్‌లో జన్మించాడు. బాల్యంలో జరిగిన ప్రమాదంలో ఆయన కాలు శాశ్వతంగా దెబ్బతిన్నది. పాఠశాల విద్యకు నోచుకోకపోయినా, బ్యాంకులో ఉద్యోగం చేస్తూ శాస్త్రాధ్యయనం సాగించాడు.

1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఆయన సముద్రాలు దాటి గుంటూరు చేరుకున్నాడు. చంద్రుడు సూర్యబింబాన్ని కప్పగానే అంచున ఎర్రని జ్వాలలు కనిపించాయి. అవి ఏ పదార్థంతో ఏర్పడ్డాయో అప్పటికి తేలలేదు. వర్ణపటదర్శినిలో వాటి కాంతి ఉజ్జ్వలమైన రేఖలుగా విడిపోయింది. కాగిన ఘనపదార్థం అవిచ్ఛిన్న వర్ణపటాన్ని ఇస్తుంది. పలుచని వేడి వాయువు విడివిడి రేఖలను ఇస్తుంది. కనుక ఆ జ్వాలలు ప్రధానంగా హైడ్రోజన్ వాయువేనని జాన్సెన్ గ్రహించాడు. అంతటి కాంతిగల రేఖలను గ్రహణం లేకున్నా చూడవచ్చునని ఆయనకు తోచింది. మరునాడే గుంటూరులో ఆ ఊహను నిజం చేశాడు. నిమిషాలకే పరిమితమైన దర్శనం నిత్యదర్శనమైంది.

అదే పద్ధతిని ఇంగ్లండులో లాక్యర్ స్వతంత్రంగా కనుగొన్నాడు. ఇద్దరి నివేదికలూ ఫ్రెంచి అకాడమీకి ఒకేరోజు చేరాయి. ఫ్రాన్సు ప్రభుత్వం ఇద్దరి ముఖచిత్రాలతో ఒకే పతకాన్ని ముద్రించి సమానంగా గౌరవించింది.

జాన్సెన్ 1907లో మరణించాడు. నేటి శాస్త్రజ్ఞులు రేఖల వెడల్పును బట్టి ఆ జ్వాలల ఉష్ణోగ్రతను, వాటి స్థానభ్రంశాన్ని బట్టి వేగాన్ని అంచనా వేస్తున్నారు. ఆ విద్యకు గుంటూరు ఒక తొలిమెట్టు.