కోకా సుబ్బారావుగారి తీర్పులు

రాజమండ్రిలో 1902లో పుట్టిన కోకా సుబ్బారావుగారు మద్రాసులో ప్లీడరుగా పేరు తెచ్చుకుని, 1948లో అక్కడే హైకోర్టు జడ్జీ అయ్యారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు.

అక్కడ చాలాసార్లు ఆయనది మైనారిటీ పక్షం. 1962లో ఖరక్ సింగ్ కేసులో, పోలీసులు రాత్రిపూట ఇంటికొచ్చి తలుపు తట్టడమొక్కటే తప్పని తక్కిన జడ్జీలంటే, ఆ నిఘా అంతా చెల్లదని ఆయనా, జస్టిస్ షా రాశారు. 2017లో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనంటూ ఆ మైనారిటీ తీర్పునే సరైనదంది.

1966లో ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మరుసటి ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ తీర్పు. పంజాబులో చట్టం ప్రకారం కొంత భూమి మిగులుగా తేలిన కుటుంబం అది. ప్రాథమిక హక్కులను పార్లమెంటు రాజ్యాంగ సవరణతో కూడా కుదించరాదని పదకొండుమందిలో ఆరుగురు అన్నారు. అయితే జరిగిపోయిన భూసంస్కరణలు తలకిందులు కాకూడదు కదా! అందుకని ఈ సూత్రం ఇకమీదటికే అన్నారు సుబ్బారావుగారు. వాదం నెగ్గింది, గోలక్‌నాథ్ వారికి భూమి మాత్రం రాలేదు.

ఏప్రిల్ 10న, పాస్‌పోర్టు ఇవ్వడం సర్కారు ఇష్టాయిష్టాల మీద ఉండరాదని తీర్పిచ్చారు. పార్లమెంటు ఆ ఏడే పాస్‌పోర్టు చట్టం చేసింది. ఆ తీర్పు మర్నాడే ఆయన రాజీనామా చేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి నిలబడి, జాకీర్ హుస్సేన్‌గారి చేతిలో ఓడారు. నిలబడకుండా వుంటే బాగుండేది. గోలక్‌నాథ్ తీర్పుకు లేనిపోని రాజకీయం అంటుకుంది.

1971లో పార్లమెంటు 24వ సవరణతో తన అధికారాన్ని తిరిగి రాసుకుంది. 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు గోలక్‌నాథ్ తీర్పును కొట్టేసింది గాని, రాజ్యాంగ మౌలిక స్వరూపం జోలికి పోవద్దని పార్లమెంటుకు హద్దు గీసింది. సుబ్బారావుగారు 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లోనే, కన్నుమూశారు.